చెవికి పడ్డ చీవాట్లు

బాలనర్సయ్య మేస్త్రీకి వస్తువుల్ని తిట్టే జబ్బుంది. మనుషుల్ని కాదు, వస్తువుల్నే. కాలికి రాయి తగిలితే రాయిని నిలదీస్తాడు. చాయ్ ఒలికితే గ్లాసుకు గడ్డిపెడతాడు. బస్సు తప్పిపోతే కొత్తగూడ చౌరస్తాలో కరెంటు స్తంభాన్ని పట్టుకుని, "నువ్వన్న జర ఆపొద్దా? పొద్దంత నిలబడి ఏం వెలగబెడ్తున్నవ్?" అని దులిపేస్తాడు.

తొంభైలు ముగిసే రోజులవి. మాదాపూర్ గుట్టల్లో కంప్యూటర్ కంపెనీల కోసం మేడలు లేస్తున్నాయి. అందులో ఒక మేడకు గోడలు కట్టేది బాలనర్సయ్యే. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెబుతాడు.

"గోపన్‌పల్లి బడిల నాలుగో తరగతి దాంక చదివిన. అయితే ఏంది? రాయదుర్గంల నేను కట్టిన గోడను తన్ని చూడుమను, కాలిరుగుతది గాని గోడ కదలది. ఎంత ఎత్తెక్కినా ఇప్పటిదాంక నా తల తిరగలే. తల తిరుగుడు కంప్యూటరోళ్లకు!"

ఒకసారి కూలి యాదమ్మ చేతిలోంచి సిమెంటు మాలు తట్ట జారి, మాలంతా ఇంజనీరు సురేంద్ర కొత్త బూట్ల మీద పడింది. కడప జిల్లా మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన నోరు తెరిచేలోపే మేస్త్రీ తట్ట మీద విరుచుకుపడ్డాడు.

"సిగ్గు లేదా నీకు? సారు బూట్లే దొరికినయా?" అని తిట్టి, దాన్ని ఎండలో బోర్లించి, "పొద్దుగూకెదాంక గట్లనే పడుండు!" అని శిక్ష వేశాడు. సురేంద్ర నవ్వాపుకోలేక తిట్టడం మరిచిపోయాడు.

ఆ మేస్త్రీయే ఓ పొద్దున నిచ్చెనెక్కాడు. కింద యాదమ్మ పట్టుకుంది. గోడ నిటారుగా ఉందో లేదో చూద్దామని గుండు దారం వదిలి, పైకొస వైపు తలెత్తాడు. అంతే! గోడ గిర్రున తిరిగింది. ఆకాశం దాని వెంటపడింది.

"ఏయ్ గోడా, నిలబడు! నిన్ను కట్టినోన్ని నేను! నా ముందట్నే గింగిరాలు కొడ్తవా?"

గోడ వినలేదు. మేస్త్రీ ఇసుక కుప్పలో పడ్డాడు.

సురేంద్ర పరుగెత్తుకొచ్చాడు. "నిచ్చెన పట్టుకోమంటే యాడ చూస్తాండావు యాదమ్మా? పెద్దాయన ప్రాణం పోయింటే? రేపట్నుంచి పనిలోకి రావద్దు, పో!"

"నేనిడువలే సారూ! గట్టిగనే పట్టుకున్న!"

"తప్పు నిచ్చెనది," అన్నాడు మేస్త్రీ, ఇసుక ఉమ్మేస్తూ.

సురేంద్ర నిచ్చెనను పట్టి ఊపాడు. అది చెక్కుచెదరలేదు. "చూసినావా? తప్పు ఈమెదే."

ఆస్పత్రిలో డాక్టరు మేస్త్రీ తలను వంచి, కళ్లలోకి చూసి తేల్చాడు. "లోపలి చెవిలో సున్నపు నలుసులుంటాయండి. మీకవి చోటు తప్పాయి. తల ఎత్తితే లోకం తిరిగినట్టుంటుంది. తలను ఒక పద్ధతిలో తిప్పితే సర్దుకుంటాయి. ఇక నిచ్చెనలు మాత్రం ఎక్కకండి."

మేస్త్రీ భగ్గుమన్నాడు. "నా చెవిల సున్నమా? జల్లెడ పట్టని సున్నం నేను గోడకే పెట్టను, చెవిల పెట్టుకుంటనా? నా తల తిప్పెటందుకు నువ్వెవలు?"

విసురుగా లేచి, భుజానికి తగిలిన తలుపును నాలుగు తిట్టి వచ్చేశాడు.

మర్నాడు యాదమ్మ సద్ది డబ్బా పట్టుకుని గేటు బయటే నిలబడి ఉంది. కాపలావాడు లోపలికి రానివ్వడం లేదు. మేస్త్రీ చుట్టూ చూశాడు. ఏం అన్యాయం! తిట్టడానికి ఒక్క వస్తువూ మిగల్లేదు. నిచ్చెన నిర్దోషి. గోడ కదల్లేదు. నిజం చెబితే ఇక ఎత్తు మీది పని దక్కదు.

నేరుగా సురేంద్ర దగ్గరికెళ్లి, తన చెవిని తానే మెలిపెట్టాడు.

"సారూ, దొంగ దొరికిండు. గీ చెవే! అన్నం నేను పెడ్తే, తల ఇది తిప్పింది. యాదమ్మ నిచ్చెన ఇడువలే."

"ఆమెను కాపాడేదానికి చెప్తాండావు పెద్దాయనా. తల తిరగదని రోజూ చెప్పేది నువ్వే కదా?"

"నమ్మవా? అయితే చూడు!"

మేస్త్రీ తలెత్తాడు. లోకం గిర్రుమంది. చేతికందిన ఇంజనీరు కాలరు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఇసుకలో కూలబడ్డారు.

సురేంద్ర ఇసుకలోంచే గేటు వైపు చెయ్యూపాడు. "యాదమ్మా, లోపలికి రా! పెద్దాయనా, నువ్వు పోయి తల తిప్పించుకో. నిచ్చెన జోలికి పోవద్దు."

"పోను."

"ఒకటి అడుగుతా. ఎప్పుడూ వస్తువుల్నే తిడతావు, మనుషుల్ని తిట్టవేం?"

"ఇటుకను తిడితే అది ఇంటికి పోయి అన్నం మానదు గద సారూ."

ఇంతలో యాదమ్మ గాబరాగా చెంబుతో నీళ్లు తెచ్చి, కాలు మడతపడి, చెంబెడు నీళ్లూ సురేంద్ర నెత్తిన కుమ్మరించింది. కుమ్మరించి, కొయ్యబారిపోయింది.

సురేంద్ర నోరు తెరిచాడు. మేస్త్రీ వైపు చూశాడు. తర్వాత చెంబు వైపు తిరిగాడు.

"ఏమే చెంబూ! కండ్లు కనపళ్లేదా నీకు?"

మేస్త్రీ భేష్ అంటూ తలాడించబోయి, చెవి గుర్తొచ్చి ఆగిపోయాడు.