సూది ఆగిన రోజుల ముడులు

నా చిన్నప్పుడు మా అడవి పల్లెల్లో పెళ్లికి పిలవడానికి కార్డులు లేవు. పెళ్లికి ఇంకా ఎన్ని రోజులుంటే అన్ని ముడులు వేసిన నారతాడును చుట్టాల ఇళ్లకు పంపేవారు. తాడు అందిన ఇంట్లో పొద్దున లేవగానే పైనుంచి ఒక ముడి విప్పాలి. ముడులన్నీ అయిపోయిన రోజు పెళ్లి. విప్పే పని పిల్లలది. మా ఇంట్లో అది నాది. ఆ పనంటే నాకు ఎక్కడలేని గర్వం. ఆ గర్వంతోనే ఒకసారి మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చాను.

ఆ ఏడు వానలు పడ్డాక అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. ఒకరోజు ఎన్ని గొంగళ్లు కప్పినా వణికేది, మరునాడు లేచి జొన్నలు దంచేది. మా అమ్మమ్మకు చూపు ఆనదు, అక్షరం రాదు. జ్వరం వచ్చిన ప్రతిరోజూ గుంజకు వేలాడే నారతాడు చివర తడుముకుని ఒక ముడి వేసేది. ఆ ముడులు జ్వరానివని నాకెవరు చెప్పారు? తాడు నిండా ముడులు పడ్డాక ఇంట్లో చిన్నమ్మ పెళ్లి మాట మొదలైంది. గుంజకు తాడుంది. రోజూ పొద్దున్నే లేచి నేను పైనుంచి ఒక ముడి విప్పుకుంటూ పోయాను. కింద అమ్మమ్మ వేసేది, పైన నేను విప్పేదాన్ని.

నెలకోసారి వాగు దాటి మలేరియా సారు వచ్చేవాడు. ఆయన వచ్చిన రోజు అమ్మకు జ్వరం లేని రోజైంది. ఒళ్లు ముట్టి చూసి, చల్లగానే ఉంది, వచ్చే నెల చూద్దామని సంచి సర్దుకున్నాడు. అప్పటికే అమ్మ కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. వచ్చే నెల దాకా ఉంటుందని మాకెవరికీ ధైర్యం లేదు. అమ్మమ్మ గుంజ దగ్గరికి పోయి తాడు తెచ్చి, జ్వరానికొక ముడి అని చెప్పి ఆయన చేతిలో పెట్టింది. చూస్తే మూడే ముడులు. మూడు జ్వరాలకే ఇంత గోలా అని సారు నవ్వాడు. నేను గోడకు అతుక్కుపోయి ఏడుపు అందుకున్నాను. నా ఏడుపు విని అమ్మమ్మకు సంగతి అర్థమైంది. నన్ను కొట్టలేదు. తాడును రెండు చేతులా పట్టి వేళ్లతో తడిమింది. ముడులు విప్పిన చోటల్లా నార మెలిపడి వంకరగా ఉంది.

“ముడి ఇప్పితే పోతది సారూ. వంకర ఏడికి పోతది? లెక్కబెట్టు” అన్నది.

ఆయన వంకరలు లెక్కపెట్టాడు. కూర్చున్నాడు. అమ్మ వేలికి సూది గుచ్చి గాజు ముక్క మీద రక్తం తీసుకుని, అప్పటికప్పుడే మాత్రలు ఇచ్చాడు. అమ్మ బతికింది. ఆ సాయంత్రం అమ్మమ్మ నా చెవి మెలిపెట్టి, అడగకుండా ఎవరి ముడీ విప్పొద్దని చెప్పింది. అంతటితో ఆ ముచ్చట అయిపోయిందనుకున్నాను.

కరోనా వచ్చేదాకా ఆ తాడు నాకు మళ్లీ గుర్తుకే రాలేదు. అంతకు కొన్నేళ్ల ముందు నాకు కడుపులో పుండు పడితే ఖమ్మంలో ఆపరేషన్ చేసి సగం కడుపు తీసేశారు. అప్పటినుంచి ఏం తిన్నా బీ పన్నెండు అనే విటమిన్ నాకు ఒంటబట్టదు. నెలకోసారి ఎర్రమందు సూది పడాలి. పడకపోతే కాళ్లు మొద్దుబారి, నేల ఎక్కడుందో తెలియదు. మా ఆయన ఉన్నన్నాళ్లూ తేదీ ఆయనే గుర్తుపెట్టుకుని మోపెడ్ మీద దవాఖానాకు తీసుకుపోయేవాడు. ఆయన పోయాక బస్సెక్కి పోయేదాన్ని. కరోనాతో బస్సు బందైంది. ఊరి మొగదల ముళ్లకంప అడ్డం వేసి, ముసలోళ్లు గడప దాటొద్దన్నారు.

మొదటి నెల కోడలు దవాఖానాకు ఫోన్ చేస్తే, ఒంట్లో నిల్వ ఉంటుంది, ఏం కాదన్నారు. రెండో నెల, ఓపిక పట్టమన్నారు. మూడో నెల, కాళ్లు మొద్దుబారడం వయసుకు మామూలే అన్నారు. కాళ్లు నావి, ఓపిక నాది, చెప్పేది మాత్రం వాళ్లు. ఇక ఊళ్లో వైద్యుల సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్కింటామె మునగాకు తినమంటుంది. ఎదురింటాయన తన అరుగు మీద నుంచి అరిచి, కార్జం కూర, అదే లివరు కూర తింటే సూదెందుకు పెద్దమ్మా అంటాడు. నాకున్నదే సగం కడుపు, అందులో మీ సలహాలకు జాగా లేదన్నాను. ఆ రోజు నుంచి ఆయన నాకు నోరెక్కువని ఊరంతా చెప్పాడు. నోరు బాగానే ఉంది నాయనా, పోయింది కాళ్లు.

ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడితే కాలి కింద నిప్పుకణిక ఉన్న సంగతి వాసన వచ్చేదాకా తెలియలేదు. ఆ రోజే కోడల్ని తాడు అడిగాను. నైలాన్‌ది ఇచ్చింది. దాంట్లో ముడి నిలవదు, వంకర పడదు, వద్దన్నాను. గోనెసంచి విప్పి పురికొస తీసుకున్నాను. కాళ్లకు నేల తెలియని రోజు ఒక ముడి, పడిపోయిన రోజు రెండు ముడులు. బాగున్న రోజుకు బొటనవేలంత జాగా వదిలేదాన్ని. పోనుపోను ఆ జాగాలు తగ్గిపోయాయి. చివరి మూర నిండా ముడులే.

ఇంటింటికీ జ్వరం సర్వే చేస్తూ నర్సమ్మ వచ్చింది. జ్వరముందా, దగ్గుందా, జలుబుందా అని మూడు మాటలడిగి, మూడింటికీ లేదని రాసుకుని వెనక్కి తిరిగింది. నేను పురికొస ఆమె చేతిలో పెట్టాను.

“ఇదేంది పెద్దమ్మా?”

“నా రిపోర్టు. నాకు చదువు రాదు. నీకొస్తది గదా, చదువు.”

ఆమె నవ్వబోయి ఆగింది. ముడికి అర్థం చెప్పాను, జాగాకు అర్థం చెప్పాను. ఆమె వేళ్లు ఒక్కొక్క ముడి మీదుగా కిందికి జరిగి, చివరి మూర దగ్గర ఆగిపోయాయి. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది.

“ఇప్పుడు ఏ కాలివేలు ముట్టిన, చెప్పు.”

“నువ్వింకా ముట్టలేదు గదా బిడ్డా” అన్నాను.

కళ్లు తెరిచి చూస్తే కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నర్సమ్మ అప్పటికే నాలుగు వేళ్లు పెన్నుతో గుచ్చిందట. అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసింది. మూడు నెలలుగా మేము చెప్పిన మాటే ఆమె చెబితే డాక్టరు విన్నాడు. రెండు రోజులకు ఎర్రమందు తెచ్చి మా అరుగు మీదనే సూది వేసింది, వారం వారం వచ్చి వేసింది. బస్సులు మొదలయ్యాక నెలనెలా నేనే పోతున్నాను.

కుడికాలికి నేల మళ్లీ తెలిసింది. ఎడమకాలి రెండు వేళ్లకు మాత్రం తెలియలేదు. ఆలస్యమైంది, అవి అంతేనని డాక్టరు చెప్పాడు. నిల్వ ఉంటుందని చెప్పింది కూడా ఆ దవాఖానాలోనే.

సూదులు మళ్లీ పడ్డాక ఆ ముడులన్నీ నేనే ఒక్కొక్కటి విప్పాను. ఈసారి అవి ఎవరివో ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. కోడలు ఆ పురికొసతో చిక్కుడు తీగ కడతానంటే ఇవ్వలేదు. గుమ్మం పక్క మేకుకే ఉంది. చెప్పులు వేసుకునేటప్పుడు ఎడమకాలి చెప్పు ఎక్కిందో లేదో వంగి చూసుకోవాలి నేను. వంగినప్పుడల్లా అది కళ్లబడుతుంది, ఒక్క ముడి లేకుండా, చివరి మూర పొడవునా వంకరగా.