కరుప్పుకు పరామర్శలు

మా కురుచికుప్పం వీధిలో అమృతవల్లి అత్త ఇల్లిల్లూ తిరిగి పెరుగు అమ్ముతుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఒక్కచోట కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఆమె మోపెడ్ ముందు నల్లకుక్క కరుప్పు పరుగు తీసేవాడు. వాడు గుమ్మంలోకి వచ్చాడంటే వెనకే పెరుగు వస్తోందని లెక్క.

పోయినేడు వాడికి దగ్గు పట్టుకుంది. దోమకాటు వల్ల గుండెలో పురుగులు చేరాయని పశువుల డాక్టరు సుష్మిత చెప్పింది. యానాం అమ్మాయి, ఓపిగ్గా నచ్చజెబుతుంది.

"మాత్రలయ్యాక నడుములో సూదులేస్తామండీ. పురుగులు చచ్చి ముక్కలవుతాయి. అప్పుడు వీడు పరిగెత్తితే ఆ ముక్కలు ఊపిరితిత్తుల్లో అడ్డుపడి ప్రాణానికే ముప్పు. ఆఖరి సూది పడ్డాక కూడా రెండు నెలలు కట్టేసే ఉంచాలి."

అత్త సరేనంది. కానీ మా వీధికే ఒక జబ్బుంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే ఏదో ఒకటి పట్టుకుని చూడ్డానికి పోవాల్సిందే. మొదటి సూది పడిన మర్నాడే పరామర్శలు మొదలయ్యాయి. నేనూ బన్ను పట్టుకెళ్లాను, దాచడమెందుకు! వచ్చిన ప్రతివాణ్ణీ చూసి కరుప్పు లేచి గంతులు వేసేవాడు. పక్కింటి యోగానంద్ మామ కోడి ఎముకలు తెచ్చిన రోజు ఎగిరెగిరి, దగ్గి, కూలబడ్డాడు. డాక్టరు వచ్చి మందిచ్చేదాకా అత్త వాడి తల ఒళ్లో పెట్టుకుని భోరున ఏడ్చింది. నేను సిగ్గుతో చచ్చాను.

మర్నాటి నుంచి అమ్మకం కూతురు రంజనికి అప్పజెప్పి, అత్త గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుంది.

"ఒక్కసారి చూసి పోతా అక్కా," అన్నాడు యోగానంద్ మామ.

"యాడికి? వాణ్ణి చంపేదానికా? పలకరించేది వుంటే నన్ను పలకరించి పో!"

అలా మూడు నెలలు. ఆమె చేత తిట్లు తినని ఇల్లు లేదు. ఆ గుమ్మం ముందు సైకిల్ బెల్లు కొట్టడం కూడా మానేశాం.

నిన్న డాక్టరు గుండె పరీక్షించి, "గండం గడిచిందండీ. రోజూ కాస్తకాస్త నడిపించండి," అంది. సాయంత్రం అత్త తాడు పట్టుకుని బయల్దేరింది. వీధంతా గుమ్మాల్లో నిలబడింది, ఒక్కరూ నోరెత్తలేదు. కరుప్పు అందరి ముఖాలూ చూశాడు. ఎవరూ పిలవకపోయేసరికి తోక దించేశాడు.

అత్త ఆగింది. "ఏంది, అందరూ గమ్మునుండారు? వాడు బతికినాడు. పిలవండబ్బా!"

వీధి వీధంతా ఒక్కసారి పిలిచింది. ఎవరి దగ్గరికి పోవాలో తోచక కరుప్పు తోకాడిస్తూ నడివీధిలో నిలబడిపోయాడు. అందరికంటే గట్టిగా పిలిచింది మాత్రం తాడు పట్టుకున్న అత్తే.