పరుపుల సాయిబు కునుకులో కాజా

అల్లూరు బజారులో పరుపుల హుస్సేన్ సాహెబ్ కొట్టు మా కిరాణా కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఆయన తుమ్మినా దగ్గినా నాకు తెలిసిపోతుంది. తెలియనివి ఊహించి చెప్తాను. అవి కూడా చాలావరకు నిజమే అవుతుంటాయి.

ముందు ఆయన పరుపుల సంగతి చెప్పాలి. బూరుగు దూది మిషన్లో వేసి ఏకి, గుడ్డలో కూరి, మూరెడు సూదితో కుడతాడు. ఒకసారి ఓ కొత్త పెళ్లికొడుకు ఆయన పరుపెక్కి మూడు రోజులు లేవలేదు. పెళ్లికూతురు బిందెడు నీళ్లు కుమ్మరించినా అటు తిరిగి పడుకున్నాడట. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అందరికీ చెప్పింది నేనే.

ఆయనకో పద్ధతి ఉంది. కుట్టిన పరుపు మీద తానే ఓ కునుకు తీసి చూడందే బయటికి పంపడు. మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చి, అన్నం తిని, కొట్లోనే కొత్త పరుపు పరిచి ఒరుగుతాడు. పరుపు తీసుకెళ్లడానికి ఆటో మాట్లాడుకుని వచ్చినవాళ్లు ఆయన లేచేదాకా మా బెంచీ మీద కూర్చోవాల్సిందే. నా సోడాలు సగం అలాగే ఖర్చవుతాయి.

ఇంత హాయిగా పడుకునే మనిషికి ఒకటే బాధ. మలైకాజా.

పాకం కారుతూ, లోపల మీగడ కరుగుతూ ఉండే ఆ కాజాను ఆయన ఒకప్పుడు తినే తీరు చూసి మిఠాయి కొట్టువాళ్లు షట్టర్ దించేసుకునేవాళ్లు. తర్వాత షుగరు వచ్చింది. తీపి మానేయమని డాక్టరు మెల్లగా చెప్పాడు. ఆయన భార్య నూర్జాన్ మాత్రం దాన్ని చట్టం చేసేసింది. దిండ్లకు గలీబులు కుట్టేది ఆమే. కొట్లో కుట్టు మిషన్ ముందు కూర్చుంటే ఆమె ఒక కన్ను గుడ్డ మీద, ఇంకో కన్ను మొగుడి నోటి మీద ఉంటుంది.

ఆ రోజు నుంచి తనూ తీపి ముట్టలేదు. రంజాన్‌కి వీధి వీధంతా పంచే షీర్‌ఖుర్మా ఆమే వండుతుంది, గరిటె కూడా నాకి చూడదు. ఎవరైనా అడిగితే, "నాకు మొదట్నించీ తీపి పడదులే" అంటుంది. పెళ్లైన కొత్తలో కాజాల పొట్లం ఇల్లు చేరేలోపే ఖాళీ చేసిన మనిషి ఆ మాట అంటుంటే నేను నవ్వాపుకోలేక లోపలికి పోయాను. హుస్సేన్ సాహెబ్ మాత్రం నమ్మేశాడు. మగవాళ్లకు చెవుల్లో కూడా దూదే ఉంటుంది.

ఇక కాజాకు మిగిలిన దారి కల ఒక్కటే. కునుకు పట్టగానే కాజా వచ్చేది. ఆయన చేతిలోకి తీసుకునేవాడు. ఎక్కణ్నించో నూర్జాన్ చెయ్యి చాచుకుంటూ వచ్చేసేది. లాక్కుంటుందేమోనని ఈయన పరుగు తీసేవాడు. పరిగెత్తి పరిగెత్తి ఏ గుంటలోనో పడి మేలుకునేవాడు. నోరు ఖాళీ.

"నిద్దరలో అన్నా తిననీదబ్బా ఆ మనిషి!" అని నా దగ్గర మొత్తుకున్నాడు. "కలలో తింటే షుగర్ పెరుగుద్దా? పెరగదే! ఒక్క కాజా... ఒక్కటి తింటే చాలు నాకు."

దిండు కుట్టించుకోవడానికి వచ్చిన క్రీస్తుదాసు మాస్టారు ఈ మాట విన్నాడు. మర్నాడే ఓ పుస్తకం తెచ్చిచ్చాడు.

"కల వచ్చేటప్పుడే ఇది కల అని తెలిసిపోతే, అందులో మనిష్టం వచ్చినట్టు చేసుకోవచ్చంట సాయిబూ. ఎట్టా తెలుసుకోవాల్నో అంతా ఇందులో రాసుండాది."

హుస్సేన్ సాహెబ్ ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివాడు. మళ్లీ చదివాడు. తలకింద పెట్టుకుని పడుకున్నాడు. కల మామూలుగానే వచ్చింది, పరుగు మామూలుగానే తీశాడు. ఈసారి గుంటకు బదులు రొయ్యల చెరువులో పడ్డాడు.

"వంటల పుస్తకం చదివితే కడుపు నిండుద్దా?" అంది నూర్జాన్, మిషన్ ఆపకుండానే. "అందులో ఏదో చెయ్యమని ఉంటది, చూడయ్యా."

నిజంగానే ఉంది. మెలకువగా ఉన్నప్పుడు గుర్తొచ్చినప్పుడల్లా నోరు మూసుకుని, ముక్కు గట్టిగా పట్టుకుని, గాలి పీల్చి చూసుకోవాలట. గాలి ఆడకపోతే నిజం, ఆడితే కల. మెలకువలో అలవాటైతే కలలో కూడా చెయ్యి దానంతట అదే ముక్కు మీదికి పోతుందట. బజారులో పదిమంది ముందు ముక్కు పట్టుకోవడం నామోషీ అని ఆయన ఆ పేజీ చదివి వదిలేశాడు. భార్య మాట విన్నాక, సరే చూద్దామని కొట్టు గుమ్మంలో నిలబడి నోరు బిగించి, కళ్లు తేలేసి, ముక్కు పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే జువ్వలదిన్నె పిచ్చమ్మ ఎండుచేపల గంప ఆటోలోంచి దించి ఆయన ఎదుట పెట్టింది.

"ఏంది సాయిబూ! నా గంప చూసి ముక్కు మూసుకుంటావా? నా నెత్తళ్లు నీకు కంపు కొడతా ఉండాయా?"

నోరు తెరిస్తే పరీక్ష పాడైపోతుందని ఈయన తల మాత్రం ఊపాడు. ఎటు ఊపాడో ఏమో, పిచ్చమ్మకు అవునన్నట్టే కనిపించింది.

"అవునంటాడు చూడు! నా ఎండుచేపల వాసనకి కలెక్టర్లే కార్లు ఆపినారు! నువ్వు ముక్కు మూస్తావా?"

ఆ కేకకు ఎక్కడో దూరాన దొరవారిసత్రం చెరువుల్లో కొంగలన్నీ లేచిపోయాయి. హుస్సేన్ సాహెబ్ ముక్కు వదిలి, "అది గాదమ్మా, ఇది కలో నిజమో చూసుకుంటా ఉన్నా" అన్నాడు.

"నేను నీకు కలలో మనిషి మాదిరి ఉన్నానా?"

జనం పోగయ్యారు. నేను కొట్టు వదిలేసి ముందు వరసలో నిలబడ్డాను. నూర్జాన్ లేచొచ్చి పిచ్చమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీ చేపలకి గాదు. ఈయనకి కలలో కాజా తినాల్నంట. దానికి ముక్కు పట్టుకోవాల్నంట" అని మొత్తం విడమర్చి చెప్పి, చేటెడు నెత్తళ్లు కొనింది.

పిచ్చమ్మ విన్నది. విని, గంప పక్కన చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇక ఆ రోజు నుంచి చూడాలి! ఆటో మలుపు తిరగక ముందే ఆమె కేక వినబడేది.

"సాయిబూ! ముక్కు!"

ఈయన ఎక్కడున్నా పట్టుకునేవాడు. దూది ఏకుతూ పట్టుకునేవాడు, సూదిలో దారం ఎక్కిస్తూ పట్టుకునేవాడు. పట్టుకోకపోతే ఆమె గంప దించేది కాదు. మెల్లగా బజారంతా నేర్చుకుంది. మా కొట్లో బెల్లం కొనేవాళ్లు కూడా అటు తిరిగి ఒక కేక వేసి పోయేవాళ్లు. పుస్తకం మాత్రం దూది మూటల కింద ఎక్కడో పడిపోయింది.

ఆ మధ్య ఓ మధ్యాహ్నం, కావలి ఊరి నుంచి వచ్చినవాళ్ల పెళ్లి పరుపు మీద కునుకు తీసిన హుస్సేన్ సాహెబ్ దిగ్గున లేచి మా కొట్లోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఆయన చెప్పింది చెప్తున్నాను. కొంగల దగ్గర నేను కాస్త కలిపాను గాని ఇక్కడ చిటికెడు కూడా కలపడం లేదు.

కలలో పిచ్చమ్మ ఆటో దిగిందట. గంప నిండా కాజాలట. "సాయిబూ! ముక్కు!" అని అరిచిందట. అలవాటు కొద్దీ పట్టుకున్నాడు. మూసిన ముక్కులోంచి సముద్రపు గాలి మాదిరి జివ్వున ఊపిరి ఆడింది! కల అని తెలిసిపోయింది. కాజా తీసుకున్నాడు. మామూలుగానే నూర్జాన్ చెయ్యి చాచుకుంటూ వచ్చింది.

"కల అని తెలిసినాక ఇంక పరుగెందుకబ్బా? నిలబడినా. నిలబడి మొదటిసారి ఆ చెయ్యి సరిగ్గా చూసినా. లాక్కునే చెయ్యి గాదు. అరచెయ్యి పైకి పెట్టుండాది. నాక్కూడా ఒకటి పెట్టమని అడగతా ఉండాది. ఇన్నాళ్లూ ఆ చేతికి భయపడి పరిగెత్తినాను చూడు!"

ఆమెకో కాజా పెట్టాడట. తనో కాజా తిన్నాడట. పాకం మోచేతి దాకా కారిందట. ఆ మాట చెప్తూ నిజంగానే మోచెయ్యి తుడుచుకున్నాడు.

మా బెంచీ మీద కాచుకున్న కావలి ఊరివాళ్లు పరుపు ఎత్తుకోవడానికి లేచారు. ఈయన వాళ్లను మళ్లీ కూర్చోబెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా మిఠాయి కొట్టుకు పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి పిచ్చమ్మ, క్రీస్తుదాసు మాస్టారు గుమ్మంలోనే ఉన్నారు. కబురు నేనే పంపాను.

"చూసినావా, నా పుస్తకం పనిచేసింది!" అన్నాడు మాస్టారు.

"పుస్తకమంట పుస్తకం! అది చెప్పింది ఒక్కసారి. గొంతు పోయేట్టు రోజూ చెప్పింది నేను" అంది పిచ్చమ్మ.

హుస్సేన్ సాహెబ్ ఇద్దరినీ పట్టించుకోలేదు. నూర్జాన్ ముందు పొట్లం విప్పాడు. ఒకే ఒక్క మలైకాజా.

నూర్జాన్ కళ్లు పెద్దవి చేసింది. "బుద్ధుందా నీకు? షుగర్ పెట్టుకోని..."

"నాకు గాదు, నీకే. నేను ఇందాకే తిన్నాలే."

నూర్జాన్ మొగుడి వైపు చూసింది, కాజా వైపు చూసింది. తర్వాత నోరు బిగించి, రెండు వేళ్లతో తన ముక్కు గట్టిగా పట్టుకుంది. బజారంతా ఊపిరి బిగబట్టి చూసింది. ఆమెకు గాలి ఆడలేదు.

ముక్కు వదిలి, కాజా అందుకుని, పాకం కారకుండా ఒక్క బుక్కలో తినేసింది.