పిల్లినిచ్చి కొన్న పాటల పుస్తకాలు

ఆదోనిలో పత్తి కొని మిల్లులు కట్టినవాళ్ళున్నారు. జొన్నగిరి పొలాల్లో ఏరిన వజ్రపు రాయిని కారుచౌకగా కొట్టేసి మేడలు లేపినవాళ్ళున్నారని కూడా చెప్పుకుంటారు. కానీ ఒక పిల్లినిచ్చి పెట్టెడు సినిమా పాటల పుస్తకాలు కొన్న మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. పైసా పెట్టుబడి లేదు. పెట్టెకు బస్సు చార్జీ కూడా అవతలి మనిషే పెట్టుకున్నాడు. పొట్లం కట్టడం రాకముందే బేరం నేర్చినవాణ్ణి కదా, ఇంతకు మించిన లాభసాటి బేరం మా వంశంలోనే ఎవరూ చేయలేదని కొన్నాళ్ళు చెప్పుకు తిరిగాను.

మాది కిరాణా అంగడి. పత్తి బండ్లు మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఉండేది. సీజనులో గాలి నిండా దూది. బెల్లం దిమ్మెల మీద, చింతపండు బుట్టల మీద, గిరాకీల కనుబొమల మీద సన్నగా పేరుకునేది. గల్లాపెట్టె దగ్గర మా నాయన, తక్కెడ దగ్గర నేను. ఆయన నాకు నేర్పిన చదువు రెండే ముక్కలు. "కావాలనేది మొగంలో కనపడితే ధర రెండింతలు రా" అనేది మొదటిది. రెండోది, "కుదరకపోతే మెట్లు దిగు. ఎనక్కి తిరిగి సూడాకు. అమ్మాలనుండేవోడు వాడే పిలుస్తాడు." ఈ రెండు ముక్కలతో ఆయన నలభై ఏళ్ళు అంగడి నడిపాడు. నేను కూడా వాటితోనే నడిపాను, అంగడిని కాదు, నా పిచ్చిని.

నా పిచ్చి సినిమా. చూడటం ఒక్కటే అయితే ఊరంతా చూసేవాళ్ళే. నాకు సినిమా మిగిల్చిన చెత్త కావాలి. థియేటరు ముందు అమ్మే పాటల పుస్తకాలు, ఆపరేటర్లు కత్తిరించి పారేసిన ఫిల్ము ముక్కలు, తారల బొమ్మలున్న అగ్గిపెట్టెలు. పాటల పుస్తకంలో ముందు కథ ఉండేది. సరిగ్గా కథానాయిక ఏడవబోయే చోట ఆపి, మిగతా వెండితెరపై చూడమని రాసేవాళ్ళు. ఆ మాట నాకు పాటలకంటే ఇష్టం. ఇరవై రెండేళ్ళు వచ్చి, పెళ్ళి సంబంధాలు వచ్చి పోతున్న రోజుల్లో కూడా, కాలిపోయిన బల్బులో నీళ్ళు నింపి, అద్దంతో ఎండను అంగడి వెనక గదిలోకి కొట్టి, ఫిల్ము ముక్కను గోడ మీద చూసుకునేవాణ్ణి. వేలెడంత తార గోడంత అయ్యేది. కదలదు, మాట్లాడదు, అయినా కళ్ళార్పకుండా చూసేవాణ్ణి. సంతలో పాత సామాన్ల గోనెపట్టా కనపడితే అక్కడే గొంతుకూర్చునేవాణ్ణి. నొక్కితే టిక్కుమనే రేకు కప్ప, పిల్లి బొమ్మ ఉన్న పౌడరు డబ్బా, ఇట్లాంటివి రేటు సగానికి తెగ్గొట్టి తెచ్చుకునేవాణ్ణి. పెళ్ళివారు వచ్చినప్పుడు అవన్నీ మంచం కిందికి పోయేవి.

పిల్లి అంగడిదే. బూడిద రంగు, నల్ల చారలు. మా అమ్మ పసికూనగా తెచ్చి మజ్జిగన్నం పెట్టి పెంచింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ మా నాయన దాని వైపు చూసిన పాపాన పోలేదు. అమ్మ జ్వరంతో పోయింది. మధ్యాహ్నాలు గిరాకీ పలచబడ్డాక ఆయన అంతకుముందు ఇంట్లోకి పోయి అమ్మతో ఆ పూట సంగతులు చెప్పేవాడు. అమ్మ పోయిన కొన్నాళ్ళకు, మిరపకాయల మూట మీద పడుకున్న పిల్లితో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏమ్మా, ఈ పొద్దు బెల్లం దిమ్మె ఒకటి కరిగిపాయ. ఏం చేద్దామంటావు?"

పిల్లి ఒక కన్ను తెరిచేది.

"ఆ చిప్పగిరి యమ్మ వచ్చిండె. కూతురి పెండ్లంట. బెల్లం రవ్వంత ఎక్కువే తూచినాలే. తిట్టాకు."

గిరాకీలతో రేటు, నాతో పని. ఇవి కాక ఆ మనిషి నోటి నుంచి వచ్చే మాటలన్నీ ఆ పిల్లికే. నేను అది రోజూ వింటూ, నవ్వుకుంటూ, పల్లీలు తూచేవాణ్ణి. అంతకుమించి ఆలోచించలేదు.

ఎమ్మిగనూరు థియేటరులో ఆపరేటర్ సాబు అని ఒకాయన ఉండేవాడు. ఆ రోజుల్లో ఒక ఊళ్ళో ఆడిన సినిమా రీళ్ళు డబ్బాలకెత్తి బస్సులో పక్క ఊరికి పోయేవి. ఆ డబ్బాల కోసం ఆయన వారానికోసారి ఆదోని వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా మా అంగట్లో బీడీలు కొనేవాడు. నాకు ఫిల్ము ముక్కలు ఇచ్చేది ఆయనే. ఒకసారి ఆయన కళ్ళముందే మా పిల్లి తనంత పందికొక్కును పట్టి మెట్ల మీదికి ఈడ్చుకొచ్చింది.

"అరె అరె! ఇది పిల్లి కాదప్పా, పులి," అన్నాడు. "మా ఆడ పోస్టర్ల గదిలో ఎలుకలు సంపుతాండాయి. అంటించేకి మైదా మూట పెడితే మూటా తింటాయి, పోస్టరూ తింటాయి. దీన్ని నాకియ్యి సిన్న శెట్టీ."

"అంగడి పిల్లి సాబూ. మా నాయన ఇయ్యడు."

"ఊరికే వద్దు. మా పాత మేనేజరు పోతా పోతా ఒక పెట్టె వదిలేసిపాయ. పాటల పుస్తకాలు. నువ్వు పుట్టకముందువి గూడ ఉండాయి."

నా ముఖంలో కావాలనేది కనపడిందో లేదో తెలియదు. పల్లీలు మాత్రం రెండుసార్లు తూచాను.

పిల్లిని డబ్బుకు అమ్మకూడదంటారు, పాపమట. సరుకుకు సరుకు మార్చుకుంటే పాపం లేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆ మరుసటి వారం మా నాయన గుంతకల్లుకు పెళ్ళికి పోయిన రోజునే సాబు పెట్టెతో దిగాడు. పిల్లిని గోనెసంచిలో వేసి, దారి గుర్తుపట్టకుండా పెద్దవాళ్ళు చెప్పినట్టు మూడుసార్లు తిప్పి, ఆయన చేతికిచ్చాను. అది అరవలేదు. అదేదో ఆట అనుకుందేమో.

మా నాయన సాయంత్రం వచ్చి గద్దె మీద కూర్చుని మూటల వైపు చూశాడు.

"యాడికి పాయె ఇది?"

"ఇచ్చేస్తి నాయనా. ఎమ్మిగనూరు ఆపరేటర్ సాబుకు."

"ఎంతకిచ్చినావు?"

పెట్టె తెరిచి చూపించాను. ఆయన ఒక పుస్తకం తీసి, కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "పలసన కాగితం. పసుపు పొట్లానికి గూడ పనికిరాదు," అన్నాడు. మూత ఆయనే వేశాడు. మీ అమ్మ పిల్లి రా అది అని అనలేదు. అని ఉంటే పోట్లాడేవాణ్ణి, పోట్లాటలో అయినా నాలుగు మాటలు నడిచేవి.

మర్నాడు మధ్యాహ్నం మిరపకాయల మూట వైపు తిరిగి "ఏమ్" అని ఆగిపోయాడు. దాన్ని దగ్గుగా మార్చేశాడు. ఆ తర్వాత దగ్గడం కూడా లేదు. వారం దాటినా గిరాకీలకు రేట్లు చెప్పడం తప్ప ఆయన గొంతు వినపడలేదు. నేను వెనక గదిలో కొత్త పుస్తకాలకు నెంబర్లు వేసుకుంటూ మొదట గమనించలేదు. ఎదురుగా గాజులమ్మే అవ్వ గమనించింది.

"ఏం రా, మీ నాయన నోట్లో ఏమన్నా పోసినావా? రాయి మాదిరి కూసోనుండాడు."

"పిల్లి లేదవ్వా. దాంతోనే మాట్లాడేటోడు."

"పిల్లి ల్యాకపోతే నువ్వుండావు గదరా ఎనుము మాదిరి. నువ్వు మాట్లాడు."

ప్రయత్నించాను. పక్కన కూర్చుని, "నాయనా, ఈ పొద్దు బెల్లం మంచిది వచ్చినట్టుండాది," అన్నాను. "నేనే గదా కొనింది," అన్నాడు. అంతటితో సరి.

పెట్టె ఇచ్చిపోయినప్పటి నుంచి సాబు రీళ్ళ డబ్బాలకు తాను రావడం మాని వేరే కుర్రాణ్ణి పంపుతున్నాడు, అందుకని నేనే ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఎక్కేముందు చేసిన పని కూడా చెప్పాలి. పెట్టెలో ఒకే పుస్తకం రెండేసి ఉన్నవి, పేజీలు పోయినవి ఏరి నలభై కట్టగట్టాను. ఆ నలభైతో పిల్లిని వెనక్కి తెద్దామని లెక్క.

మగ్గాల చప్పుడు వినపడే వీధి చివర థియేటరు. వెనక పోస్టర్ల గదిలో, చుట్టిన పోస్టర్ల మీద మా పిల్లి పడుకుని ఉంది. నన్ను చూడగానే దిగి వచ్చి కాళ్ళకు ఒళ్ళు రుద్దింది. నేను వంగలేదు. తల నిమరలేదు. నిమిరితే ధర పెరుగుతుందని.

"ఏం సిన్న శెట్టీ, పిచ్చర్ సూడను వచ్చినావా?"

"ఈడ పనుండి వస్తి సాబూ. ఎట్లాగూ వచ్చినా కదా అని... మా నాయన పిల్లి పిల్లి అంటాండాడు. ఈ పుస్తకాలు పెట్టుకోని ఇచ్చేయ్."

ఆయన కట్ట విప్పి నాలుగు తిరగేశాడు. నవ్వాడు. "డబుల్ ఉండేవి ఏరుకోని తెచ్చినావు గదప్పా. నా పెట్టె తెచ్చియ్యి, నీ పిల్లిని ఎత్తుకపో. నేనేం అంగడి పెట్టుకోలేదు బేరమాడనీకి."

న్యాయమైన మాట. కానీ పెట్టె మొత్తం ఇవ్వడానికి మనసొప్పలేదు. నోరు దానంతటదే పాత పాఠం చెప్పింది.

"అయితే వద్దులే సాబూ. ఆదోనిలో వీధికి నాలుగు పిల్లులు."

మెట్లు దిగాను. వెనక్కి చూడలేదు. పది అడుగులు, ఇరవై అడుగులు. పిలుపు రాలేదు. బస్టాండులో రెండు బస్సులు వదిలేశాను, మనిషిని పంపుతాడేమోనని. ఆయన అంగట్లో పుట్టినవాడు కాదు. వద్దంటే వద్దనే అనుకున్నాడు.

ఇంటికి వచ్చి ఎనిమిది రోజులు ఆ పెట్టె ముందు కూర్చున్నాను. ఏవి ఉంచుకోవాలి, ఏవి ఇవ్వాలి. ఒక కుప్ప పెట్టడం, చెరపడం, మళ్ళీ పెట్టడం. తొమ్మిదో రోజు అంగడి మూసేటప్పుడు మా నాయన చాపలు చుడుతూ నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆడ దానికి మజ్జిగన్నం పెడతాండారా?"

మర్నాడు మొదటి బస్సుకు పెట్టె మొత్తం ఎత్తుకుని పోయాను. ఒక్క పుస్తకం కూడా తీయలేదు.

సాబు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పెట్టె దించడానికి చెయ్యి వేయలేదు.

"మొన్న బేస్తవారమప్పా. పిల్లి ఒక్కటి సాలదని మేనేజరు ఎలుకల మందు పెట్టించినాడు. మందు తిన్న ఎలుకను ఇది తినింది. పాలు పోస్తిమి, ఏమేమో చేస్తిమి."

నేను పెట్టె మీద కూర్చున్నాను.

"కావాలని ఒక్క మాట చెప్పింటే ఆ పొద్దే ఊరికే ఇచ్చి పంపింటాను. నువ్వే వద్దంటివి గదప్పా," అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

గోడ పక్కన పూడ్చిన చోటు చూపించాడు. పెట్టె తీసుకోమంటే తీసుకోలేదు. "అది నీదే. ఎత్తుకపో," అన్నాడు. మళ్ళీ అదే బరువు భుజం మీద పెట్టుకుని బస్సెక్కాను.

మా నాయన పెట్టెను చూశాడు, అది దించాక ఖాళీ అయిన నా చేతులు చూశాడు.

"ఇయ్యలేదా?"

"పిల్లలు పెట్టిందంట నాయనా. మూడు. తల్లిని కదిలించకూడదంటాండాడు."

చాలాసేపు తక్కెడ రాళ్ళు సర్దాడు. తర్వాత, "ఒకదాన్ని అడిగి తేరాదా?" అన్నాడు. ఆయన ఒకటి కావాలని నోరు తెరిచి అడగడం నేను వినడం అదే మొదలు.

బూడిద రంగు, నల్ల చారలు. ఆ రంగు పిల్లకోసం ఆదోని సందులన్నీ తిరిగాను. చివరికి పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు వెనక దొరికింది. నెల ఆగి, ఎమ్మిగనూరు పోయినట్టు పొద్దున బయల్దేరి, పొద్దంతా రైల్వేస్టేషన్లో కూర్చుని, సాయంత్రం పిల్లతో అంగడి మెట్లెక్కాను.

ఆయన దాన్ని రెండు చేతుల్లో తీసుకుని, చింతపండులో గింజలు చూసినట్టు, వెలుతురుకు తిప్పి చూశాడు. చెవిలో ఏదో కనపడింది. వేలితో తీశాడు. దూది. రెండు వేళ్ళ మధ్య సాగదీసి, పోగు పొడవు చూశాడు. మిల్లు నుంచి వచ్చిన దూదో గాలికి ఎగిరొచ్చిన దూదో తెలియని మనిషి కాదు ఆయన.

"బాగుండాది," అన్నాడు. దూదిని కింద పారేశాడు.

మా నాయన వంక పెట్టకుండా తీసుకున్న సరుకు జీవితంలో అదొక్కటే. ఆ పిల్లను బాగా చూసుకున్నాడు. మజ్జిగన్నం తానే కలిపేవాడు. అది పెరిగి మూటల మీద పడుకునేది, ఆయన ఒళ్ళోకి కూడా ఎక్కేది. కానీ ఒక్కనాడు కూడా దాన్ని "ఏమ్మా" అనలేదు. దానితో ఒక్క సంగతి చెప్పలేదు. తొమ్మిదేళ్ళు బతికాడు ఆ తర్వాత.

ఇక లెక్క. ఆ పుస్తకాల వల్ల నాకు సుఖం లేదంటే అబద్ధం. కొన్ని నెలలు పెట్టె తెరవలేదు, తర్వాత తెరిచాను, చదివాను, మురిసిపోయాను కూడా. ఆ ఆనందాన్ని తీసివేయను. సాబు మీద రాయడానికేమీ లేదు, ఆయన చెప్పిన ధర సరైన ధరే. మందు పెట్టించిన మేనేజరు మీద కొంత రాద్దామని చాలాసార్లు చూశాను. పిల్లి ప్రాణం వరకు రాయవచ్చు. మా నాయన మాట మాత్రం ఆయన పద్దులోకి రాదు. దాన్ని నేనే పోగొట్టాను, అది కూడా నలభై చిరిగిన పుస్తకాల దగ్గర ఆగి. ఆ బాకీ మొత్తం నాది. తొమ్మిదేళ్ళు నోరు మెదపకుండా దాన్ని కట్టింది మాత్రం ఆయన.