మద్రాసులో పుట్టిన లండన్ బండి

మొన్న మా చెల్లెలి కొడుకు కొత్త బుల్లెట్ కొని, దిల్‌సుఖ్‌నగర్ షోరూమ్ నుంచి నేరుగా మా గుమ్మం ముందుకు తెచ్చాడు. హ్యాండిలుకు బంతిపూల దండ, చక్రాలకు నలిగిన నిమ్మకాయల వాసన ఇంకా పోలేదు. కిక్ ఏదిరా అని అడిగాను. "కిక్ లేదు పెద్దమ్మా, బటనే," అని వేలితో నొక్కి చూపించాడు. కాలితో బతిమాలించుకోకుండా లేచేది బుల్లెట్ ఎట్లా అవుతుందని నేను వాదనకు దిగాను. వాడు నవ్వి, టీ తాగి వెళ్లిపోయాడు. ఈ కాలం పిల్లలతో ఇదే చిక్కు, ఎదురు వాదించరు. వాదనంటే ఏమిటో మా ఇంటి మెట్ల దగ్గర చూస్తూ పెరిగినదాన్ని నేను.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మేం ఎల్బీనగర్‌లో ఉండేవాళ్లం. కింద మేము, మేడ మీద కిరాయికి గుంటూరు నుంచి వచ్చిన ఫిజిక్సు మాస్టారు. మా నాయన నల్లగొండ పల్లె నుంచి వచ్చి లారీల ఆఫీసులో పనిచేసేవాడు. ఆయనకు బుల్లెట్టు, మాస్టారికి జపాన్ వాళ్ల వంద సీసీ బండి. ఆదివారం ఇద్దరూ మెట్ల పక్కన బండ్లు తుడుచుకుంటూ మొదలుపెడితే, దారిన పోయేవాళ్లు పంచాయితీ అనుకొని ఆగేవారు. నాయన తన బండిని లండన్ బండి అనేవాడు. అది తయారైంది మద్రాసులో కదండీ అని మాస్టారు అడిగితే, "బండి మద్రాసుదే సారూ, దిమాక్ లండన్‌ది," అనేవాడు. ఆ దిమాకే రోజూ మీ గడపలో నూనె కారుస్తోందని మాస్టారు చురక అంటించేవారు. జపాన్ బండిని నాయన దోమ అనేవాడు. ఆ దోమ సగం కిక్కుకే లేస్తుంది, చుక్క కారదు, మీ ఏనుగు ఇంకా ఆవులిస్తుండగానే చౌరస్తా దాటేస్తుంది అని మాస్టారి లెక్క. అన్నం దగ్గర నేను మాస్టారిదే న్యాయమన్నానని నాయన పెరుగన్నం దాకా నాతో మాట్లాడలేదు. న్యాయం సంగతి న్యాయానిదే. అమ్మనూ, నన్నూ, చెల్లినీ, ఒక బియ్యం మూటనూ ఎక్కించుకొని విజయవాడ రోడ్డు మీద దుడుదుడుమని నింపాదిగా ఊరికి పోయే ఆ బండిని చూస్తే, ఏ దోమ మీదా అంత భరోసా కలిగేది కాదు.

ఒకసారి ఎవరి బండి గొప్పో తేలిపోవాలని ఇద్దరూ బండ్లు మార్చుకున్నారు. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. జపాన్ బండికి సరిగ్గా తలకిందులు. సరూర్‌నగర్ మలుపులో బర్రె అడ్డం రాగానే మాస్టారు అలవాటుగా కుడికాలు నొక్కారు, గేరు పడి బండి ఆయనతో సహా గడ్డిమోపుల్లో దూరింది. వెనకాల నాయన గేరనుకొని మాటిమాటికీ బ్రేకు తొక్కుతూ, కుంటి గుర్రం మీద రాజులా ఇల్లు చేరాడు. ఆ తర్వాత ఎవరి బండి వాళ్లదే.

అదే ఏడు బుల్లెట్టు నాయనను తిరిగి తన్నింది. తొందరలో కొట్టిన కిక్కు ఎదురొచ్చి మోకాలు వాచిపోయింది. లోకానికి మాత్రం మెట్ల మీద జారానని చెప్పాడు, బండి మీద మాట పడనివ్వలేదు. ఇక కాలితో కిక్కు ముట్టొద్దని డాక్టరు ఖరారుగా చెప్పాడు. మర్నాడు పొద్దున మాస్టారు, పెన్ను చొక్కాకు తగిలించుకొని కాలేజీకి పోతూ, ఎవరూ అడగకముందే బుల్లెట్టును స్టార్ట్ చేసి, దాన్ని నాలుగు తిట్లు తిట్టి వెళ్లారు. రోజూ అదే. మళ్లీ లేవదన్న భయంతో నాయన దారిలో ఇంజను ఆపేవాడు కాదు. కూరగాయలు కొంటున్నా, హనుమంతుడికి దండం పెడుతున్నా, పక్కన బండి దుడుదుడుమంటూనే ఉండేది.

ఇంతలో మాస్టారు హయత్‌నగర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నారు. కిక్కు కొట్టే మనిషే పోతుంటే బండి ఎందుకని, ఆపకుండా మోగే దాని మీద ముందే కడుపు మండి ఉన్న అమ్మ, పెద్ద అంబర్‌పేట్ నుంచి ఒక కోళ్లఫారం ఆయనను బేరానికి పిలిపించింది. నాయన సరే అన్నాడు. ఆయన వాదించకుండా సరే అనడం నేనెప్పుడూ వినలేదు. ఆ వారం నాయన మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా మాస్టారు నాకు కిక్కు నేర్పారు. ఎడమచేతి దగ్గరున్న చిన్న లివరు నొక్కి, హెడ్‌లైటు మీది చిన్న కరెంటు మీటరులో ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కు మెల్లగా దించాలి. లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేయాలి. మీకు గిట్టని బండికి ఇంత కష్టమెందుకని అడిగాను.

"ఇది పోతే ఆదివారం నేనెవరితో పోట్లాడాలమ్మా?" అన్నారు.

ఆదివారం కోళ్లఫారం ఆయన వచ్చి కొట్టాడు, కొట్టాడు, చెమటలు కక్కాడు. నాయన కుర్చీలో కూర్చొని గోడ వంక చూస్తున్నాడు. నేను చున్నీ నడుముకు బిగించి ముందుకెళ్లాను. మొదటి దెబ్బకు మొరాయించింది, రెండో దెబ్బకు గోడలు అదిరేలా లేచింది. బండి ఇంట్లో నిలవాలని నేను చేసిన పని బేరగాడికి దాని గొప్ప చాటినట్టయింది.

"బండి మస్తుగుందన్నా, తీస్కుంట," అన్నాడాయన.

నాయన నా కాళ్ల వైపు, ఆ తర్వాత నా మొహం వైపు చూశాడు. "మస్తుగనే ఉంటది. తన్నే కాలు ఇంట్లనే ఉన్నది, ఇగ అమ్ముడెందుకు?" అన్నాడు. మెట్ల మీద నిలబడ్డ మాస్టారు, తన శిష్యురాలు మొదటి కిక్కుకే లేపాల్సిందని, తప్పు లండన్ వాళ్లదేనని అందుకున్నారు. నాయన వెంటనే కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాడు. అమ్మ పళ్లు కొరుకుతూనే ముగ్గురికీ టీ పెట్టింది.

నా పెళ్లిదాకా పొద్దుటి కిక్కు నాదే. మాస్టారు హయత్‌నగర్ నుంచి ప్రతి ఆదివారం దోమ మీద వచ్చి ఏనుగును తిట్టిపోయేవారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఇప్పటి కుర్రాళ్లు బుల్లెట్లనే కాదు, అలాంటి జపాన్ బండ్లను కూడా వెతికి కొని, మెరుగు పెట్టించి, అపురూపంగా దాచుకుంటున్నారట. కాలం ఏనుగునూ దోమనూ ఒకే వరసలో నిలబెట్టి, రెంటికీ కలిపి పాతబండ్లు అని పేరు పెట్టేసింది. ఆ మాట వినడానికి ఉండి ఉంటే, జన్మలో మొదటిసారి ఇద్దరూ ఒక పక్షాన చేరి కాలంతోనే పోట్లాటకు దిగేవాళ్లు.