అందరికీ ఒకటే పుట్టినరోజు

మా తమ్ముడు క్రీస్తుదాసు కంప్యూటర్ ప్రోగ్రాంలు రాస్తడని చెప్తే, ఏన్కూరుల సగం మంది అది కరెంటు పని అనుకునేటోళ్లు. రేడియో చెడిపోయినా తెచ్చి మా గడప ముందర పెట్టేటోళ్లు. వాడు కాదనకుండ దాన్నీ విప్పి కూసునేటోడు. గట్ల మెత్తనోడు. హైదరాబాదుల ఏడాది కోర్సు చేసి, అక్కడ ఉండలేక తిరిగొచ్చిండు. నోరు మాత్రం నాకే ఎక్కువ. చర్చోళ్ల ప్రైవేటు స్కూల్ల టీచరును, అరిసి అరిసి అలవాటైంది.

1998 సంగతి. ఖమ్మం అవతల కొత్తగ ఒక గురుకులం పెట్టిన్రు. ఎనిమిదో తరగతిల సీటొస్తే తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్లవే. దరఖాస్తులు కాయితం మీద కాదు, ఫ్లాపీల పంపుమన్నరు. మా పెద్దసారు నా దిక్కు చూసిండు, నేను మా తమ్ముని దిక్కు చూసిన. వారం దినాలల్ల ప్రోగ్రాం రాసిండు. పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కొడితే లిస్టు తయారై ఫ్లాపీల పడుతది. వయసు లెక్క గురుకులం ఆఫీసుల కంప్యూటర్ మిషనే చేసుకుంటది.

రాసుడు వారమైతే, పరీక్ష చేసుడు నెల. వాని దగ్గరున్నది సెకండ్‌హ్యాండు మిషన్, అందుల దాన్ని నడిపే పాత డాస్ సాఫ్ట్‌వేర్. "ఆఫీసోళ్ల దగ్గర ఏ రకం ఉందో తెల్వదక్కా. ఒక్కోదాంట్ల ఒక్కో తీరుగ నడుస్తది. అన్నిట్ల పెట్టి చూడాలె" అనేటోడు. చూడనీకె మిషన్లేవి? ఫ్లాపీలు స్టీలు టిఫిన్ డబ్బాల పెట్టుకొని బస్సెక్కేటోడు. చండ్రుగొండల కొత్త డాస్ ఉందంటే అక్కడికి, ఖమ్మంల ఒక కాలేజీల విండోస్ మూడు ఉందంటే అక్కడికి. తిరుమలాయపాలెంల వెంకటనారాయణ గారని పెద్ద రైతు, ఆయనింట్ల విండోస్ తొంభై ఐదు కొన్నరని తెలిసి ఆడికి గూడ పోయిండు. చెప్పులు బయట విడిసి, వాళ్ల భోజనాలైందాక అరుగు మీద కూసునేటోడు. ఆ మిషన్‌కు బొట్టు పెట్టి టవల్ కప్పి ఉంచేటోళ్లు. అరగంట ఇచ్చేటోళ్లు, అది గూడ కరెంటుంటె. "కాలికి బలపం కట్టుకొని తిరుగుతున్నవ్, ఏందిరా గిది? పిల్లనిచ్చేటోళ్లింటికి గూడ ఇన్నిసార్లు పోరు" అని తిట్టిన. నవ్విండు.

పరీక్షకు లిస్టు నేనే ఇచ్చిన. మా బడిల ఏడు చదివే తండా పిల్లలు పదకొండు మంది. అన్ని మిషన్లల్ల లిస్టు తెరుచుకున్నది. పేర్లు సరిగ్గ వచ్చినయి, తేదీలు సరిగ్గ కనపడ్డయి. "ఇగ ఎక్కడ పెట్టినా నడుస్తదక్కా" అన్నడు. ఆ రోజు కోడి కోపిచ్చిన.

ఆ లిస్టుల ద్వాలి ఉన్నది. తండాల కూలి చేసుకునే దస్రు బిడ్డ. బోర్డు మీద నేను లెక్క తప్పేస్తే లేచి చెప్పే పిల్ల, అట్లాంటిదాన్ని నా సర్వీసుల ఇంకోదాన్ని చూడలే. మా బడి ఏడు వరకే. "సీటొస్తే చదువుతది టీచరమ్మా. రాకుంటె నాతోటి కూలికొస్తది. ఊరు దాటించి చదివిచ్చే తాకత్ నాకు లేదు" అన్నడు దస్రు.

గురుకులం రూలు ఏందంటే, మే ఒకటి నాటికి పదమూడేండ్లు నిండొద్దు. ద్వాలికి బడి రిజిస్టర్ల 1985 జూన్ ఒకటి ఉన్నది. నెల తక్కువ పదమూడు. బతికిపోయింది అనుకున్న.

జూన్ ఒకటే ఎందుకంటరా? తండా నుంచి పిల్లను తోలుకొస్తే పుట్టిన తేదీ ఎవరు చెప్తరు? బడిల చేర్చుకునే నాడు జూన్ ఒకటి రాసేసుడు మా తాన రివాజు. నాకు మా సారు అదే రాసిండు, నేను వీళ్లకు రాసిన. పదకొండు మందికీ అదే తేదీ, ఏడాదే తేడ.

ఫలితాలొచ్చినయి. పది మందికి సీటొచ్చింది. ద్వాలి ముందర 'వయసు మించినది' అని ఉన్నది. పదమూడేండ్ల మూడు నెలలట! కడుపు మండిపోయి తమ్మున్ని పట్టుకున్న. "నెల దినాలు ఊరూరు తిరిగి నువ్వు చేసింది గిదేనా?" వాడు ఫ్లాపీ తీసుకొని తిరుమలాయపాలెం బస్సెక్కిండు. సాయంత్రం వచ్చిండు. 

"అక్కా, మనం తారీకు ముందు రాస్తం, నెల తర్వాత. ఒకటి, ఆరు అంటే మనకు జూన్ ఒకటి. ఆఫీసు మిషన్ల తేదీ అమెరికా పద్ధతిల పెట్టున్నట్టుంది. అది నెలను ముందు చదువుతది, జనవరి ఆరు చేసింది. ఇయ్యాల వయసు లెక్క చేయించి చూసిన, వెంకటనారాయణ గారింట్ల గూడ గట్లనే చదివింది. కానీ అప్పుడు కంటికి అవే అంకెలు, నాకేం తెలుస్తది? మిగిలినోళ్లు ఏడాది చిన్నోళ్లు, బతికిన్రు. ఒక్క పిల్లకన్న పదిహేనో తారీకు ఉంటే, పదిహేనో నెల లేదని అక్కడనే ఆగిపోయేది. నాకు దొరికేది."

ఒక్క పిల్లకన్న! ఆ తేదీలన్నీ రాసింది నేనే. వాడు నన్ను పల్లెత్తు మాటనలే. అన్నా బాగుండేది.

మర్నాడు దస్రును తీసుకొని ఆఫీసుకు పోయినం. ఒకే తేదీని మిషన్ రెండు తీర్లుగ చదువుతదని తమ్ముడు క్లర్కుకు కాయితం మీద రాసి చూపెట్టి నానా తిప్పలు పడ్డడు. క్లర్కు చెడ్డోడేం కాదు, కుర్చీలు గూడ వేసిండు. "మిషన్‌కేం పగ బాబూ, పిల్ల మీద?" అన్నడు. నేను బడి రిజిస్టరు ముందర పెట్టిన. ఆయన వేలు కిందికి జరుపుకుంట పోయిండు. పేజీ అంత జూన్ ఒకటి.

"ఏందమ్మా, మీ బడి పిల్లలంత ఒక్కనాడే పుట్టిన్రా?"

యేసయ్యా, ఏం చెప్పాలె? "అది రివాజు సార్" అన్న.

"రివాజు చూసి సీటియ్యాల్నా? తండ్రి ఉన్నడు గదా, ఆయన్నే అడుగుత. మీరిద్దరు బయట ఉండుండ్రి" అన్నడు.

తలుపు పక్కన నిలబడి విన్నం. దస్రుకు మేమేం నేర్పలే. నేర్పాలని తోచలే. చేతులు కాలినంక ఆకులు పట్టుకొని ఏం లాభం.

"నీ బిడ్డ ఎప్పుడు పుట్టింది?"

"మిర్చి ఏరుతుంటె నొప్పులొచ్చినయి సారు. కల్లం కాడనే కన్నది. మంచు బాగ పడుతుండె."

"జనవరా?"

"నెల పేరు నాకేం తెలుసు సారు? సలికాలమైతే నిజం."

క్లర్కు రిజిస్టరు మూసేసిన చప్పుడైంది. మిషన్ తప్పు చదివి నిజం కాడికే పోయింది, అబద్ధం నాదే. ఇగ ఎవరి మీద అరవాలె నేను?

దస్రు నవ్వుకుంట బయటికొచ్చిండు. "సారు మంచోడు టీచరమ్మా, కూసోబెట్టి అడిగిండు. ఒక్క అబద్ధం ఆడలే, ఉన్నదున్నట్టు చెప్పిన. ఇగ సీటు వచ్చినట్టేనా?"

క్రీస్తుదాసు బస్సు చూసే వంకతోటి రోడ్డు దిక్కు తిరిగిండు. చెప్పాల్సింది నేనే.