నేను చూడని ఎమ్మెస్సీ సర్టిఫికెట్

అది 2013, జూన్ నెల. పుదుచ్చేరిలో ఒక ప్రైవేటు బీఎడ్ కాలేజీ ఆఫీసులో నేను అడ్మిషన్ల గుమాస్తాని. అప్పటికి ఆ కుర్చీలో పదకొండేళ్లు నిండాయి. మాది యానాం. మావారికి ఇక్కడికి బదిలీ అయితే వచ్చి, ఇక్కడే ఉండిపోయాం. డిగ్రీ చదివి, ఏవేవో ఉద్యోగాలు చేసి, కొన్నేళ్లకి "నేను టీచర్ని కావాలి" అనుకునేవాళ్లు ఈ ఊళ్లో మొదట వచ్చి నిలబడేది నాలాంటి గుమాస్తా కిటికీ ముందే.

టీచర్ కావడానికి ఒకటే దారి అని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి కాదు. ఇంటర్ అయిన వెంటనే చేరేవాళ్లకి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఉంటుంది, డిగ్రీ అయినవాళ్లకి బీఎడ్ ఉంటుంది. ఆ రోజుల్లో బీఎడ్ ఒక్క ఏడాదే. అప్పటికే రెండేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్న డిగ్రీవాళ్లయితే ఉద్యోగం మానకుండా దూరవిద్యలోనూ చేసుకోవచ్చు. ఎవరికి ఏ దారి తెరిచి ఉందో చెప్పడం నా పనిలో భాగం. ఫారం చేతికిచ్చే ముందు ఎలిజిబిలిటీ, అంటే అర్హత, చూసేదాన్ని. అర్హత లేనివాళ్లకి ఫారం ఇవ్వకుండా నోటితోనే చెప్పి పంపేసేవాళ్లం.

ఆ ముందు సంవత్సరం నా వల్ల ఒక పొరపాటు జరిగింది. డిగ్రీలో యాభై శాతం ఉండాల్సింది, నలభై ఎనిమిదే ఉన్న ఒకాయన ఫారం చూసుకోకుండా తీసుకున్నాను. యూనివర్సిటీ ఆ ఫైలు తిప్పి పంపింది. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ అందరి ముందూ నన్ను నిలబెట్టి, "చదువుకున్నవారేనా మీరు?" అన్నారు. ఆ మాట తర్వాత నేను మారిపోయాను. ఎవరొచ్చినా ముందు మార్కుల మెమో చూసేదాన్ని. యాభైకి తక్కువ కనిపిస్తే ఇక తలెత్తేదాన్ని కాదు.

కస్తూరి అనే ఆమె వచ్చినరోజు వరసలో ముప్పై, నలభై మంది ఉన్నారు. ఆమె నా కిటికీకి ఇంకా నలుగురి వెనక ఉండగానే నా చూపు ఆమె మీద పడింది. ఆమె ముందున్న అమ్మాయి గ్రేడు పాయింట్లని శాతంలోకి ఎలా మార్చాలో తెలియక మార్కుల మెమో పట్టుకుని బిక్కమొహం వేసింది. కస్తూరి తన చేతిలో ఉన్న కాగితం తిప్పి, వెనకవైపు లెక్క వేసి చూపించడం మొదలుపెట్టింది. జవాబు తను చెప్పలేదు. "ఇప్పుడు నువ్వు చెప్పు, దేంతో గుణించాల?" అని ఆ అమ్మాయినే అడిగింది. పక్కనున్న మరో ఇద్దరు కూడా మెడలు చాచి విన్నారు. వాళ్లకీ అర్థమైందని మొహాల్లో తెలిసిపోయింది. ఈమె టీచరే అనుకున్నాను. అంతవరకే అనుకుని మళ్లీ పనిలో పడ్డాను.

తన వంతు రాగానే తమిళంలో మొదలుపెట్టి, నా బల్ల మీదున్న తెలుగు వారపత్రిక చూసి తెలుగులోకి మారింది.

"మీరు తెలుగా మేడమ్? మేమూ ఇంట్లో తెలుగే. తాతల కాలం నుంచీ ముదలియార్‌పేటలోనే ఉండాం. చదివేది, రాసేదే రాదు."

పేరు అడిగాను. ఆర్. కస్తూరి అంది. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు.

"కిరుమాంబాక్కంలో ప్రైవేట్ స్కూల్లో కణక్కు చెప్తా ఉండాను మేడమ్. ఎనిమిది, తొమ్మిది, పది, మూడు క్లాసులకీ లెక్కలు నేనే. ఆరేండ్లయింది. మొన్న ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినోళ్లు బీఎడ్ యాడ అని అడిగినారు. కరస్పాండెంట్ సార్ ఒక సంవత్సరం టైం ఇచ్చినాడు. చేరినట్టు కాగితం చూపిస్తే నా ఉద్యోగం అట్నే పెడతానన్నాడు."

మార్కుల మెమో తీసుకున్నాను. బీఎస్సీ మేథమేటిక్స్, నలభై ఏడు శాతం. కమ్యూనిటీ సర్టిఫికెట్, అంటే కుల ధ్రువీకరణ, చూశాను. ఆమెకి మార్కుల్లో సడలింపు వర్తించదు.

"యాభై ఉండాలమ్మా. మీకు నలభై ఏడే ఉంది."

"రెండో సంవత్సరంలో మా నాయన పనిచేసే మిల్లు మూసేసినారు మేడమ్. పగలంతా టైపింగ్ పనికి పోతా పరీక్షలు రాసినా. దాంట్లోనే మార్కులు పోయినాయి." అంటూనే భుజానికున్న సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు బయటికి తీసింది. "ఇంకోటి కూడా ఉండాది మేడమ్. పైన చదివింది..."

నేను ఆ కవరు అందుకోలేదు.

"ఎన్ని ఉన్నా ఒకటే. డిగ్రీ మార్కులే చూస్తారు," అన్నాను.

"దూరవిద్యలో అయితే?"

"దానికీ యాభయ్యే."

"మరి నేనేం చేసేది మేడమ్?"

"చేసేదేం లేదమ్మా. తర్వాతవాళ్లు రండి."

ఆమె ఒక్క క్షణం కవరు పట్టుకుని అలాగే నిలబడింది. నేను చెప్పింది నమ్మింది. ఎందుకు నమ్మదు? కిటికీ ఇవతల కూర్చున్నదాన్ని నేను. "సరి మేడమ్" అని కవరు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఐదేళ్లు గడిచాయి. 2018 అడ్మిషన్లప్పుడు ఇందిరా నగర్ నుంచి ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ తన కోడల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ అమ్మాయికి డిగ్రీలో నలభై ఆరు శాతం. నేను ఎప్పటిలాగే లేదన్నాను. ఆయన కోప్పడలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పరిచి, ఒక వాక్యం మీద వేలు పెట్టారు. బీఎడ్ కోర్సుకి ప్రభుత్వం పెట్టిన నార్మ్స్, అంటే నిబంధనల కాగితం అది. డిగ్రీలో గానీ, పోస్ట్ గ్రాడ్యుయేషన్‌లో గానీ యాభై శాతం ఉండాలని అందులో ఉంది.

"మా కోడలికి ఎమ్మేలో అరవై ఉందమ్మా. ఆ 'గానీ' అన్న మాట చదవండి," అన్నారు.

ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి అడిగాను. అప్పటికి పాత ఆయన వెళ్లిపోయి, కొత్తాయన వచ్చారు. ఆయన చూసి, "అవునండీ, పీజీ మార్కులు సరిపోతాయి," అన్నారు.

"ఎప్పట్నుంచి సార్ ఈ రూలు?"

"ముందు నుంచీ ఇంతే కదా."

నా వెనక అల్మరాలోనే పాత నిబంధనల ఫైలు ఉంది. తీసి చూశాను. 2013కి ముందు కాగితాల్లోనూ అదే వాక్యం. నేను ఆ ఫైలుని ఏటా దుమ్ము దులిపి పెడుతున్నాను తప్ప తెరిచి చదవలేదు. 2012లో ఫైలు తిరిగొచ్చినాయనకి పీజీ లేదు. అందుకు తిరిగొచ్చింది. నేను మాత్రం దాన్నుంచి నాకు నేనే ఒక రూలు తయారుచేసుకున్నాను.

కస్తూరి గుర్తొచ్చింది. ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన మంచి మనిషే. "నోటిమాటగా చెప్పింది కదా మేడమ్. రికార్డు ఏమీ లేదు. వదిలెయ్యండి," అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు. కానీ ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. రిజెక్ట్ అయిన అప్లికేషన్‌కి ఒక నంబరుంటుంది, ఎవరైనా తీసి చూడొచ్చు. ఫారం కూడా ఇవ్వకుండా పంపేసిన మనిషికి నంబరు ఎక్కడిది?

అయినా వెంటనే వెళ్లలేదు. దాదాపు మూడు వారాలు ఏదో ఒక వంక చెప్పుకున్నాను. అడ్మిషన్ల రద్దీ అనుకున్నాను, ఆమె ఈపాటికి వేరే కాలేజీలో చేసేసి ఉంటుంది అనుకున్నాను. ఒక శనివారం ఇక ఉండబట్టలేక కడలూరు బస్సెక్కి కిరుమాంబాక్కంలో దిగాను. బడి పేరు తెలియదు. రోడ్డు పక్క దుకాణాల్లో అడిగితే, రెండో బడిలో ఆమె గురించి తెలిసింది.

అక్కడి హెడ్‌మిస్ట్రెస్ పెద్దావిడ. కస్తూరి పేరు చెప్పగానే కుర్చీ చూపించారు. ఏడాది గడువు అయిపోయాక యాజమాన్యం ఆమెని తీసేసిందట. తర్వాత బీఎడ్ ఉన్నవాళ్లు ముగ్గురు వచ్చి, ముగ్గురూ వెళ్లిపోయారట. "ఆమె ఉన్నప్పుడు లెక్కల పరీక్ష అంటే మా పిల్లలు భయపడేవాళ్లు కాదు," అన్నారావిడ తమిళంలో. అడ్రసు ఒక చీటీ మీద రాసిచ్చారు.

మర్నాడు ఆదివారం పొద్దున ముదలియార్‌పేటలో ఆమె ఇంటికి వెళ్లాను. నన్ను పోల్చుకోలేదు. కాలేజీ పేరు చెబితే అప్పుడు గుర్తుపట్టి, "అయ్యో మేడమ్, లోపలికి రండి" అని చాప వేసింది. లోపలి గదిలో ఆమె భర్త పడుకుని ఉన్నాడు. వెన్నుపూసకి ఆపరేషన్ అయి ఆర్నెల్లయిందట. ఆమె దగ్గర్లో ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో పనిచేస్తోంది. డబ్బాల బరువు చూసి, సరిగ్గా ఉంటే స్టిక్కర్ అంటించే పని.

ఎలా మొదలుపెట్టాలో తెలియక నేరుగా అడిగేశాను. "ఆ రోజు మీరొక కవరు తీశారు. అందులో ఏముందమ్మా?"

లేచి వెళ్లి పెట్టెలోంచి అదే కవరు తెచ్చింది. ఎమ్మెస్సీ మేథమేటిక్స్, దూరవిద్య, అరవై మూడు శాతం. 2011లో పాసయింది.

"దీంతో ఆ రోజే మీకు సీటు వచ్చేది. బడి మానక్కర్లేకుండా దూరవిద్యలో అయినా చేసుకునేవారు. నేను తప్పు చెప్పాను. నిబంధన చదవకుండా చెప్పాను."

ఆమె సర్టిఫికెట్ మూల కొంచెం మడత పడి ఉంటే వేలితో చదును చేసింది.

"ఏంది మేడమ్ ఇది," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేదేమో. "మా క్లాసులో పిల్లోళ్లకి దినమూ చెప్తా ఉంటి. టీచర్ చెప్పిందని నమ్మొద్దు, ఎట్లొచ్చిందో అడగండి అని. నేను మాత్రం మిమ్మల్ని అడగలేదు. యాడ రాసుండాది, చూపించండి అని ఒక్క మాట అడగలేదు."

"అడగాల్సింది మీరు కాదు. చూడాల్సింది నేను."

"ఇప్పుడు చేరేదానికి అవతాదా మేడమ్?"

అంతకు ముందు రాత్రే అన్ని దారులూ చూసుకుని వచ్చాను. బీఎడ్ ఇప్పుడు రెండేళ్ల కోర్సు అయింది. రోజూ హాజరు కావాలి. అందులో చాలా వారాలు ఇంటర్న్‌షిప్, అంటే ఒక బడిలో ఉండి పాఠాలు చెప్పడం. ఉద్యోగం చేస్తూ కుదరదు. దూరవిద్య ఇప్పుడు ప్రాథమిక టీచర్ శిక్షణ అయినవాళ్లకి మాత్రమే. అది ఆమెకి లేదు. వయసు అడ్డు కాదు, రెగ్యులర్ కోర్సులో ఎప్పుడైనా చేరవచ్చు అని చెప్పాను. మా కాలేజీ ఫారం కూడా తీసుకెళ్లాను.

ఆమె ఫారం తీసుకుని మొదటి పేజీ చూసి, లోపలి గది వైపు చూసింది.

"ఆయన మందులన్నీ ఈఎస్ఐలోనే మేడమ్. నేను కంపెనీ పని నిలిపేస్తే ఆ కార్డు పోతాది. పాప ఆరో క్లాసు. రెండు సంవత్సరాలు పని లేకుండా నేను ఎట్ల ఉండేది?" ఫారం మడిచి, "ఒక సంవత్సరమే అయుంటే ఎట్లయినా నెట్టుకొచ్చేసుంటాం. అప్పుడు ఆయనకి బాగుండె," అంది.

కాఫీ ఇచ్చింది. తాగాను. బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "మీరు రాకుండా కూడా ఉండొచ్చు మేడమ్. వచ్చినారు," అంది. నన్ను క్షమించిందో, లేక ఇది తెలియకుండా ఉంటేనే బాగుండేదని అంటోందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ సంవత్సరం ఆమె ఫారం రాలేదు. మరుసటి ఏడు ఫోన్ చేశాను. భర్త లేచి తిరుగుతున్నాడు గానీ పనికి వెళ్లలేకపోతున్నాడని, ఇంకో ఏడాది చూద్దామని అంది. ఆ తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. ఒకసారి ఇంటికి వెళ్తే వేరేవాళ్లు ఉన్నారు.

2018లోనే ఒక పని మొదలుపెట్టాను. కిటికీ దగ్గర ఎవరికి 'లేదు' అని చెప్పినా వాళ్ల పేరు, ఫోన్ నంబరు, ఎందుకు లేదన్నానో ఒక నోటుబుక్కులో రాస్తాను. సాయంత్రం ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టి నిబంధనల కాగితంతో సరిచూస్తాం. వచ్చినవాళ్ల దగ్గరున్న కాగితాలన్నీ బల్ల మీద పెట్టించి, చివరిది కూడా చదివాకే మాట్లాడతాను. ఈ ఏళ్లలో అలా నలుగురికి తప్పు చెప్పినట్టు తేలింది. నలుగురికీ ఆ సాయంత్రమే ఫోన్ చేశాం. ముగ్గురు చేరారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతున్నారు.

వచ్చే ఏడాది నేను రిటైర్ అవుతాను. పన్నెండో తరగతి మెమో నుంచి కుల ధ్రువీకరణ దాకా ఏ కాగితం ఎలా చూడాలో నా తర్వాత వచ్చే అమ్మాయికి ఇప్పుడు నేర్పుతున్నాను. వేలమంది ఫారాలు చూసినదాన్ని. వాళ్లలో ఎక్కువమంది మొహాలు గుర్తులేవు. నేను ఫారం ఇవ్వని ఒక్క మనిషి మాత్రం, నలుగురి వెనక నిలబడి ఎవరి లెక్కో వాళ్లచేతే చేయిస్తూ, అలాగే గుర్తుండిపోయింది.